ఒక బావి, రెండు కేకలు

తాండూరు స్టేషనులో బండి ఆగిందంటే రెండు కేకలు వినబడేవి. ఇంజను వైపు నుంచి "హిందూ పానీ" అని ఒకటి, గార్డు డబ్బా వైపు నుంచి "ముసల్మాన్ పానీ" అని ఇంకొకటి. మొదటిది బీరప్పది, బండగొంతు. రెండోది మునీర్‌ది, ముక్కుతో సాగదీసే గొంతు. నిజాం రైల్వే రోజుల్లో అదే రివాజు. ప్రయాణికులు ఎవరి కేక విని వాళ్లు కిటికీల్లోంచి చెంబులు, మరచెంబులు, ఏమీ లేనివాళ్లు ఉత్త దోసిళ్లు చాపేవారు.

ఇంతా చేసి ఆ నీళ్లు రెండూ ఒకే బావివి. గూడ్సుషెడ్డు వెనక, వ్యాగన్లకెక్కించే నాపబండల దొంతర్లకు పక్కన ఉండేది ఆ బావి. గిలక ఒకటే, తాడు ఒకటే, చేదలు మాత్రం రెండు. బీరప్ప తోడి రాగిబిందెలో పోసుకుంటే అవి హిందూ నీళ్లు. మునీర్ అదే తాడుతో తోడి తోలుతిత్తి నింపుకుంటే అవి ముసల్మాన్ నీళ్లు. బావికి ఈ సంగతి తెలియదు పాపం, ఇద్దరికీ ఒకే చల్లదనం ఇచ్చేది.

బీరప్పది పెద్దేముల్. కురుమల ఇంట పుట్టాడు. అన్నలు గొర్రెల వెంట పోతే ఇతను ఇరవై ఏళ్ల వయసులో రైలు వెంట వచ్చేశాడు. మునీర్ అతనికంటే ఏడేళ్లు పెద్ద, కొలువులో రెండేళ్లు సీనియరు. భుజం మీద బిందె ఎట్లా నిలుపుకోవాలో, బండి కదులుతుంటే పక్కన పరిగెత్తుతూ చుక్క కింద పడకుండా ఎట్లా పోయాలో బీరప్పకు నేర్పింది మునీరే. నేర్పినవాడి నోటికి మాట తక్కువ, నేర్చుకున్నవాడి నోటికి మూత లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

బీరప్పకు ఒక గొప్ప ఉండేది. తనకు ముఖాలు గుర్తుండవట, దోసిళ్లు గుర్తుంటాయట. అందులో అబద్ధమేమీ లేదు. నీళ్లు పోసేవాడు పైకి ఎందుకు చూస్తాడు? డబ్బాలోపల ముఖం చీకట్లో ఉంటుంది, వెలుతురులోకి వచ్చేవి చేతులే. ఇవి నాగలి పట్టిన చేతులు, ఇవి బండలు కొట్టే చేతులు, ఈ ఉంగరాల చేతులు పోయిన నెల బీదరు పెళ్లికి పోయినవే అని వరసగా చెప్పేవాడు. మునీర్ దోసిలినైతే వెయ్యిమందిలో పెట్టినా పట్టేసేవాడు. ఒక ఏడు చేంతాడు జారి మునీర్ కుడిచేతి చిటికెనవేలు విరిగింది. అది వంకరగా అతుక్కుని మిగతా వేళ్లతో కలవకుండా విడిగా నిలబడిపోయింది. అతను బావి దగ్గర దోసిలి పట్టి తాగితే సగం నీళ్లు ఆ సందులోంచి మోచేతి దాకా కారేవి. చిల్లుబిందె అని బీరప్ప ఎగతాళి చేసేవాడు. మునీర్ నవ్వి చొక్కా చేతులు పిండుకునేవాడు.

ఇంత కలిసిమెలిసి ఉన్నవాళ్ల మధ్య ఒక్క సంగతి మాత్రం ముల్లులా ఉండిపోయింది. అది బీరప్పకు తెలుసు, మునీర్‌కూ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

బీరప్ప కొలువులో చేరిన కొత్తలో ఒక రంజాను నెల. పొద్దు గుంకే వేళకు బండి వచ్చి ఆగింది. మునీర్ ఉపవాసం మీద ఉన్నాడు. అయినా తిత్తిలో చివరి చుక్కదాకా ప్రయాణికులకే పోశాడు. మసీదు వైపు నుంచి అజాన్ వినబడేసరికి అతని తిత్తి ఖాళీ. బావి దూరం. పక్కనే బీరప్ప నిండుబిందెతో ఉన్నాడు. మునీర్ దగ్గరికి వచ్చి మాట్లాడకుండా దోసిలి పట్టాడు. బీరప్ప చెంబు వంచబోయాడు కూడా. ఇంతలో కిటికీలోంచి ఒక సేటు, ఆ బిందె మాకా వాళ్లకా అని గట్టిగా కసిరాడు. పిల్ల కొలువు, కొత్త భయం. బీరప్ప చెంబు వెనక్కి తీసుకుని, "జర ఆగు భాయ్," అని సేటు కిటికీ వైపు నడిచాడు. బండి పోయాక వచ్చి చూస్తే మునీర్ బావి దగ్గర తనే తోడుకుని తాగుతున్నాడు, మోచేతులు తడుపుకుంటూ.

ఆ తర్వాత మునీర్ ఎన్నడూ బీరప్ప ముందు దోసిలి పట్టలేదు. కోపం లేదు, మాట మానలేదు, సద్దన్నం వేళ పక్కపక్కనే కూర్చునేవాడు. నీళ్లు మాత్రం అడగలేదు. అడగనివాడికి తానుగా పోస్తానని ఎట్లా అనాలో బీరప్పకు తెలియలేదు. ఊరందరితో అంత మాట్లాడేవాడికి ఈ ఒక్క మాట పెగలలేదు. ఏళ్లు గడిచాయి.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం మీదికి యూనియన్ మిలట్రీ వచ్చింది. నాలుగు రోజులు బండ్లే లేవు. మళ్లీ నడవడం మొదలయ్యేసరికి మునీర్ ఇంటి తలుపు లోపల గడియ పడి ఉంది. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కొక్క కబురు చెబుతున్న రోజులు, ఎవరి భయం వాళ్లది. అతన్ని బయటికి రమ్మనడానికి బీరప్పకు నోరు రాలేదు. రాకపోతే హాజరు పట్టీలో పేరు కొట్టేస్తారు, కొలువు పోతుంది. బీరప్ప రెండు క్షణాలు ఆలోచించి, పెరటి వైపు నుంచి పోయి, తోలుతిత్తి ఇటివ్వమన్నాడు. మునీర్ భార్య గుల్జార్ బేగం పరదా సందులోంచి దాన్ని అందించింది.

పదకొండు రోజులు బీరప్ప ఇద్దరి పనీ చేశాడు. కుడిభుజం మీద బిందె, ఎడమ భుజాన తిత్తి. ఇంజను దగ్గర తన గొంతుతో "హిందూ పానీ" అనడం, గార్డు డబ్బా దాకా ఉరకడం, అక్కడ ముక్కుతో సాగదీసి "ముసల్మాన్ పానీ" అనడం. ఆ గొంతు ఎంత బాగా పట్టాడంటే, మునీర్‌కు జలుబు చేసినట్టుందని రోజూ పోయే ఒక మౌల్వీ అన్నాడట. అప్పటి స్టేషన్ మాస్టరు అంతా చూస్తూనే రెండు పేర్లకూ హాజరు వేశాడు. మంచివాడు. తిత్తి ఎండితే పగిలిపోతుందని బీరప్ప పొద్దు మునిగేలోగా దాన్ని తడిపి తీసుకుపోయి ఆ పెరటి గడపలో పెట్టేవాడు. పదకొండో రోజు పరదా వెనక నుంచి గుల్జార్ బేగం "అన్నా" అని మాత్రం అంది. మర్నాడు మునీర్ తలుపు తీసుకుని డ్యూటీకి వచ్చాడు.

ఇదీ బీరప్ప చేసిన మంచిపని. అదే నాలుగేళ్లకు తిరగబడింది.

యాభై రెండు వచ్చేసరికి నిజాం రైల్వే పోయి కొత్త రైల్వే వచ్చింది. డబ్బాల మీద కిరీటం బొమ్మల పైన రంగు పడింది. స్టేషను బోర్డు మీద అక్షరాలు మారాయి. పాత మాస్టరు బదిలీ అయిపోయాడు. ఎండాకాలం మొదట్లో సికింద్రాబాదు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు దిగి, ఇక రెండు రకాల నీళ్లు ఉండవని చెప్పాడు. అందరికీ ఒకటే నీళ్లు, ఒకటే కేక. మంచిదే కదా! తల పండినవాళ్లు కూడా మంచిదే అన్నారు. మరి నీళ్లు ఒకటైతే ఇద్దరు మనుషులెందుకన్నది ఇన్‌స్పెక్టరు అనుమానం. అతనేమీ చెడ్డవాడు కాదు, కాగితం నింపుకోవాలి. ఎదురుగా కనబడ్డ బీరప్పను, బండి ఆగే కాసేపట్లో ఇన్ని డబ్బాలకు ఒక్క మనిషి నీళ్లు అందించగలడా అని మామూలుగా అడిగాడు.

లేడు అంటే సరిపోయేది. రెండక్షరాలు. కానీ ఎవరైనా తన పనిని తక్కువ చేసినట్టు అడిగితే బీరప్పకు ఆగదు. ఎందుకు అందించలేడు సారూ అని మొదలుపెట్టి, రెండు భుజాల మీద రెండు మోసిన పదకొండు రోజుల కథంతా చెప్పేశాడు. గొంతు మార్చి కేక కూడా వేసి చూపించాడు. ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి విని, నవ్వి, జేబులోంచి పెన్సిలు తీసి రాసుకున్నాడు. ఒక్కడు చాలు అని రాసుకున్నాడు. పెన్సిలు ఆగాక గానీ బీరప్పకు తాను చేసిందేమిటో తెలియలేదు.

ఇంటికి పోయి భార్య హన్మమ్మకు చెబితే ఆమె జొన్నరొట్టె పెనం మీద వదిలేసి లేచింది.

"నీ నోట్లె నాలుక ఉన్నదా, చేద ఉన్నదా? అడుగుడే ఆలస్యం, తోడిపోస్తవు," అంది.

మునీర్ తప్పు పట్టలేదు. అదే బీరప్పను ఎక్కువ కాల్చింది. బావి దగ్గర తిత్తికి నీళ్లు పట్టిస్తూ, తల ఎత్తకుండా మునీర్ అన్నాడు: "గా పదకొండు దినాలు నా పేరు నువ్వు నిలవెట్టినవ్. గది నేను మర్వలే బీరప్పా. ఇప్పుడు ఎట్ల రాసిపెట్టి ఉంటే గట్లయితది. పరేషాన్ కాకు."

ఇద్దరిలో ఎవర్ని ఉంచాలో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు ఒక పరీక్ష పెట్టాడు. ఒకరోజు మునీర్ ఒక్కడే, మర్నాడు బీరప్ప ఒక్కడే. బిందె వద్దు, తిత్తి వద్దు, మూతున్న కొత్త జింకు బకెట్టు, ఒక లోటా. కేక ఉత్త "పానీ". బండి కదిలేలోగా ఎవరి బకెట్టు ఖాళీ అవుతుందో అతను ఉంటాడు, రెండోవాడు ఇంటికి పోతాడు. ఇద్దరిదీ ఖాళీ అయితే సీనియరు ఉంటాడు. ఒకరి వంతు రోజున రెండోవాడు ప్లాట్‌ఫారం మీద కనబడకూడదు.

హన్మమ్మ లెక్క తేలిగ్గా తేలింది. బీరప్ప చేతి నీళ్లు ఎవరైనా తాగుతారు. మునీర్ చేతి నీళ్లు సగం బండి తాగదు. కాబట్టి బీరప్ప చేయవలసిందల్లా నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడం, జన్మలో ఒక్క రోజు. క్వార్టరు పోతే ఎక్కడ తలదాచుకోవాలి, పెద్దేముల్‌లో అన్నల పంచనా? బిడ్డ ఇంద్రమ్మ బడికి పోతున్నది, దాన్ని మానిపించి గొర్రెల వెంట పంపాలా? ఆమె అడిగినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. బీరప్ప తలూపాడు. నిజంగానే ఊపాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రమంతా మునీర్ పెరట్లో "పానీ, పానీ" అని సాధన చేశాడట. పక్కింటివాళ్లు నవ్వుకున్నారు. గుల్జార్ బేగం అతని ఖాకీ చొక్కా ఉతికి గంజిపెట్టింది.

పొద్దున వాడి జంక్షను వైపు నుంచి ప్యాసింజరు వచ్చే వేళకు బీరప్ప ఇంట్లో ఉండలేకపోయాడు. ప్లాట్‌ఫారం ఎక్కొద్దన్నారు గానీ గూడ్సుషెడ్డు దగ్గరికి పోవద్దనలేదు కదా అని తనకు తానే చెప్పుకుని వచ్చి నాపబండల దొంతర మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి పట్టాలకు అవతల అంతా కనబడుతుంది. వేలాడదీసిన పట్టాముక్క మీద గంట కొట్టారు. ఎండ అప్పటికే మండుతోంది. బండి వచ్చి ఆగింది. వరసగా అన్ని డబ్బాల్లోంచి చేతులు బయటికొచ్చాయి, గొంతెండిన జనం.

మునీర్ బకెట్టు మూత తీశాడు. నోరు తెరిచాడు.

"ముసల్మాన్ పానీ..."

ఇరవై రెండేళ్ల నాలుక. ఒక సాయంత్రం సాధన దాన్నేం చేస్తుంది? సగం చేతులు లోపలికి పోయాయి. మునీర్‌కు వెంటనే తెలిసింది. పానీ, పానీ అని గబగబా దిద్దుకున్నాడు. కానీ అన్నమాట అన్నదే. కిటికీల్లోంచి బీరన్న ఏడీ, మా నీళ్లాయన ఏడీ అని అడుగుతున్నారు. మునీర్ నిండుబకెట్టుతో ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు నడుస్తున్నాడు, చాపిన చెంబులు వెనక్కిపోతున్నాయి. మాస్టరు పక్కన నిలబడి ఇన్‌స్పెక్టరు పెన్సిలు తీశాడు.

ఇక్కడ ఉన్నమాట చెప్పాలి. బీరప్ప వెంటనే లేవలేదు. కొలువు నాదే అనుకున్నాడు. ఇంద్రమ్మ పలక కళ్లముందు కదిలింది. హన్మమ్మ చల్లబడుతుందనుకున్నాడు. గుండె తేలికపడింది కూడా, అంతలోనే ఆ తేలికకు సిగ్గేసింది. అప్పుడు మునీర్ తల తిప్పి ఇటు చూశాడు. బీరప్ప అక్కడ ఉన్నాడని అతనికి మొదటినుంచీ తెలిసినట్టే ఉంది. రా అని కాదు, ఆదుకో అని కాదు. ఏమీ అడగని చూపు. ఆ చూపును బీరప్ప ఇరవై ఏళ్లుగా ఎరుగును.

లేచాడు. పట్టాలు దాటి, ప్లాట్‌ఫారం ఎగబాకి, నేరుగా పోయి మునీర్ ముందు దోసిలి పట్టాడు.

"పొయ్యి మునీర్ భాయ్. దూప అయితున్నది."

"ఏం జేస్తున్నవో ఎరుకేనా నీకు?" అన్నాడు మునీర్ మెల్లగా. "నీ కొలువు పోతది."

"పొయ్యి."

మునీర్ లోటా ముంచాడు. కొన్ని నీళ్లు బీరప్ప పాదాల మీద పడ్డాయి, మిగతావి దోసిట్లో పడ్డాయి. బీరప్ప తాగాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ తాగాడు. అతనిలాంటివాడు అట్లా బహిరంగంగా తాగడం ఆ రోజుల్లో చిన్నపని కాదు. అదే బండిలో పెద్దేముల్ కురుమలు ఇద్దరు వికారాబాద్ కచేరీకి పోతూ కళ్లప్పగించి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు. మూడోసారి పట్టి ముఖం కడుక్కున్నాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి, తమ బావి నీళ్లే.

పక్క కిటికీలోంచి బంట్వారం ముసలమ్మ ఒకామె చెంబు చాపింది. గొంతెండి చస్తుంటే ఇంకేం చూసుకుంటాం బిడ్డా, పొయ్యి అంది. ఆమె వెనక ఇంకో చెయ్యి వచ్చింది, తర్వాత ఇంకోటి. అన్నీ రాలేదు. కొందరు చివరిదాకా ఎండిన నోటితోనే పోయారు. కానీ బండి కూత వేసేసరికి బకెట్టు ఖాళీ అయింది.

మర్నాడు బీరప్ప వంతు. అతని చేతి నీళ్లు అందరూ తాగారు, తాగుతారని తెలిసిందే. ఆ రోజు మునీర్ స్టేషను దరిదాపులకు కూడా రాలేదు. తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాడట. ఇద్దరి బకెట్లూ ఖాళీ అయ్యాయి కాబట్టి ఇన్‌స్పెక్టరు తన మాట ప్రకారం సీనియరును ఉంచాడు. బీరప్ప రాగిబిందె స్టోరులో అప్పజెప్పాడు. ఇత్తడిచెంబు తన సొంతానిది కాబట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

హన్మమ్మ ఏడు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. పెద్దేముల్ నుంచి కబురొచ్చింది, అన్న కొడుకు పెళ్లిలో బీరప్పకు బంతిలో చోటు లేదని. ఆ కబురు తెచ్చినవాణ్ణి హన్మమ్మ గడప దగ్గరే నిలబెట్టింది. మొగుడితో మాట్లాడని మనిషి మొగుడి తరఫున గంటసేపు మాట్లాడి పంపింది. ఆ రాత్రి బీరప్ప కంచంలో రెండు రొట్టెలు ఎక్కువే పడ్డాయి.

మూడు నెలలు బీరప్ప గూడ్సుషెడ్డులో బండలు మోశాడు. నీళ్ల బిందె మోసిన భుజానికి నాపరాయి బరువు తెలిసింది. మునీర్ దూరం నుంచి చూసేవాడు. దగ్గరికి వచ్చేవాడు కాదు. తోటి మనిషి అన్నం తాను తింటున్నానన్న బాధ అతనిది. నా నోటిదూల వల్ల కదా ఇదంతా అన్న బాధ బీరప్పది. ఎదురుపడినా ఇద్దరూ తలలు వంచుకుని పక్కనుంచే పోయేవాళ్లు.

వానలు పడ్డాక కాగితం వచ్చింది. వికారాబాద్ జంక్షనులో బీదరు లైను బండి పెద్దలైను బండి కోసం కాచుకుని నిలబడుతుంది, అక్కడ నీళ్లకు మనిషి కావాలి, బీరప్పను పంపమని. ఆ ఇన్‌స్పెక్టరే రాశాడట. అతని పెన్సిలుకు మంచి కూడా రాయడం వచ్చన్నమాట. మూటాముల్లె, పెళ్లాం, బిడ్డతో బీరప్ప తాండూరులో బండెక్కిన రోజున మునీర్ గార్డు డబ్బా వైపు నీళ్లు పోస్తూ ఉన్నాడు. ఒక్కొక్క డబ్బా దాటుకుంటూ ఇటు వస్తున్నాడు. నాలుగు డబ్బాల దూరంలో ఉండగా బండి కదిలింది.

తాండూరుకూ వికారాబాద్‌కూ మధ్య గంట పైచిలుకు ప్రయాణం. ఎనిమిదేళ్లు వాళ్లు కలవలేదంటే మీరు నమ్మరు. ఇద్దరున్నప్పుడు ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చూసుకునేవారు. ఇప్పుడు అక్కడ ఒక్కడే, ఇక్కడ ఒక్కడే, బదులు మనిషి లేడు. పండగైనా బండి ఆగుతుంది, బండి ఆగితే నీళ్లు కావాలి. నిజం చెప్పాలంటే సెలవు ఒక్కటే కారణం కాదు, మొహమాటం కూడా. మొదటి ఏడు పోలేకపోయారు, రెండో ఏడు పోవడానికి సిగ్గుపడ్డారు, తర్వాత అదే అలవాటైంది. గార్డులే కబుర్లు మోశారు. గుల్జార్ బేగం పెట్టిన మామిడికాయ ఊరగాయ జాడీ ఎండాకాలం ఎండాకాలం వికారాబాద్‌లో దిగేది. అదే జాడీలో హన్మమ్మ నువ్వుల ఉండలు నింపి వెనక్కి పంపేది. మునీర్ భాయ్ ఇప్పుడు తప్పు లేకుండా పానీ అనే అంటున్నాడని ఒక గార్డు చెబితే బీరప్ప పడిపడి నవ్వాడు. తానే అప్పుడప్పుడు హిందూ అని మొదలుపెట్టి నాలుక కరుచుకునేవాడు, అది మాత్రం గార్డుకు చెప్పలేదు.

వికారాబాద్‌లో ఇంజను ఒక పక్క గొట్టం కింద నిలబడి నీళ్లు తాగుతుంటే ఇంకో పక్క జనానికి బీరప్ప పోసేవాడు. ముఖాలు చూడకుండా, దోసిళ్లు చూస్తూ. ఇంద్రమ్మ పెళ్లయింది. అరవయ్యో సంవత్సరం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నల్లాలు వేయడానికి గుంతలు తవ్వడం మొదలైంది. ఇక జనమే దిగి తిప్పుకుంటారట, నీళ్లవాడి అవసరం ఉండదట.

ఆ ఎండాకాలమే ఒకనాడు, మిట్టమధ్యాహ్నం, తాండూరు వైపు నుంచి ప్యాసింజరు వచ్చింది. బీరప్ప చేతిలో తన ఇత్తడిచెంబు, పక్కన బకెట్టు, ఒక్కొక్క కిటికీ దాటుతున్నాడు. మరచెంబు నిండింది. గాజుల చేతులు తాగాయి. చంటిపిల్లకు తల్లి తన దోసిట్లో పట్టి తాగించింది. గార్డు డబ్బాకు ముందున్న డబ్బా దగ్గరికి వచ్చాడు. కిటికీలోంచి ఒక దోసిలి బయటికి వచ్చింది.

చెంబు వంచాడు. నీళ్లు పడ్డాయి. పడ్డవి నిలవలేదు, సందులోంచి జారి మోచేతి దాకా కారి చొక్కా తడిపాయి. కుడిచేతి చిటికెనవేలు మిగతా వేళ్లతో కలవకుండా విడిగా నిలబడి ఉంది.

బీరప్ప తల ఎత్తలేదు. ఎత్తితే చెంబు జారిపోయేట్టుంది. ధార ఆగకుండా పోస్తూనే, ఎడమ అరచెయ్యి చాపి ఆ దోసిలి కిందపెట్టి, వంకరవేలి సందు మూశాడు. అప్పుడు నీళ్లు నిలిచాయి. పైనుంచి తెల్లగడ్డం వంగి, ఆ నాలుగు చేతుల... కాదు, మూడు చేతుల నీళ్లలో ముఖం పెట్టింది.

"రిటైరయిన," అంది ముక్కుతో సాగదీసే ఆ గొంతు. "పట్నం పోతున్నం, కొడుకు దగ్గరికి."

లోపల గుల్జార్ బేగం బురఖా చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. బీరప్పకు చెప్పాలనుకున్నవి ఎనిమిదేళ్లవి ఉన్నాయి, అంతకు ముందటివీ ఉన్నాయి. ఇన్నేండ్లు తనను నీళ్లెందుకు అడగలేదని మాత్రం అడిగాడు.

మునీర్ తడిచేతుల్ని వెనక్కి తీసుకోలేదు.

"నువ్వే గద జర ఆగు అన్నవ్," అన్నాడు. "ఆగిన."

ఇంజను కూత వేసింది. బీరప్ప బకెట్టులో మిగిలిన నీళ్లు చెంబుతో ముంచి మళ్లీ పోశాడు. బండి కదిలింది. మునీర్ నేర్పినట్టే, కదిలే బండి పక్కన నడుస్తూ, ఒక చేత్తో ఆ సందు మూసి ఇంకో చేత్తో పోస్తూ ప్లాట్‌ఫారం చివరిదాకా పోయాడు. మునీర్ కడుపునిండా తాగాడు.